డీజిల్ స్విఫ్ట్ లాగట్లేదంటే టర్బో కన్నా ముందు గేరు చూడండి

సెకండ్ హ్యాండ్‌లో 2014 స్విఫ్ట్ డీజిల్ కొన్నాను, స్పీడ్ బ్రేకర్ దాటాక రెండో గేరులో ఎంత తొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు, కాసేపటికి ఒక్కసారిగా దూకుతుంది, టర్బో (ఎగ్జాస్ట్ పొగ బలంతో తిరుగుతూ ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే ఫ్యాన్ లాంటిది) పోయిందా అని ఒకరు అడిగారు. పోయినట్టు లేదండి. పోతే ఆ దూకుడు కూడా ఉండదు.

గుంటూరు, విజయవాడ మధ్య నేను ఏళ్లుగా నడుపుతున్నది ఇదే ఇంజన్. 1248 సీసీ, 75 పీఎస్, 190 ఎన్ఎం టార్క్, అంటే చక్రాలని తిప్పే బలం. ఈ 190 వచ్చేది 2000 ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర. 1500 లోపు ఉంటే టర్బోని తిప్పేంత ఎగ్జాస్ట్ రాదు, కాబట్టి అప్పుడు బండిని లాగేది టర్బో సాయం లేని చిన్న ఇంజనే. ఇక మొదటి గేరు నుంచి రెండుకి మారిస్తే ఆర్పీఎం దాదాపు సగానికి పడిపోతుంది. అంటే 2000 దగ్గరే రెండు వేశారంటే 1100 దగ్గర మొదలుపెడుతున్నట్టు, ఇంకెక్కడి పికప్! మొదటి గేరులో 3000 దాకా రానిచ్చి మార్చి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

కాజా టోల్ గేటు దగ్గర రోజూ చూస్తుంటాను, బండి పూర్తిగా ఆగలేదు కదా అని రెండో గేరులోనే లాగించేస్తారు. డ్యాష్‌బోర్డు గడగడలాడుతుంది, గేరు రాడ్ వణుకుతుంది, వెనకవాడు హారన్ కొడుతుంటాడు. నడక వేగానికి వచ్చేశామంటే మొహమాటం లేకుండా మొదటి గేరు వేసుకోవడమే.

హైవే మీదా ఇదే లెక్క. మంగళగిరి దాటాక లారీ వెనక 70లో, ఐదో గేరులో పోతుంటే ఆర్పీఎం ముల్లు సుమారు 1600 దగ్గర ఉంటుంది. అక్కడ నుంచి ఓవర్‌టేక్ అంటే టెన్షనే, లారీ పక్కకి వచ్చాక బండి ఆలోచించుకోవడం మొదలుపెడుతుంది. నాలుగుకి దించితే 2000 దగ్గరకి వస్తుంది. నలుగురు ఎక్కి, మే నెల ఎండకి ఏసీ ఫుల్‌లో ఉంటే నేనైతే మూడుకే దించుతాను, అదీ పక్క లేన్‌లోకి వెళ్లకముందే. 4000 దాటాక మాత్రం సాగదీయకండి, పెట్రోల్ బండి అలవాటు ఉన్నవాళ్లు చేసే పని అది, అక్కడ శబ్దం తప్ప ఏమీ రాదు.

టాప్ గేరు ఎంత తొందరగా వేస్తే అంత మైలేజీ అని ట్యాక్సీ స్టాండులో చెప్తారు, చదును రోడ్డు మీద కాలు తేలిగ్గా పెట్టి పోయేటప్పుడు అది నిజమే. 1200లో ఉండగా నేలకి అంటుకునేలా తొక్కితే మాత్రం మసి పేరుకుంటుంది, క్లచ్ వైపు దెబ్బ పడుతుంది, ఆ ఖర్చు ముందు మిగిలే డీజిల్ ఎంత?

ఇలా నడిపినా లాగకపోతే అప్పుడు అనుమానించండి. ఆర్పీఎం పెరుగుతూ స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. తొక్కినప్పుడు విజిల్ లాంటి శబ్దం, వెనక నల్ల పొగ వస్తే టర్బో పైపు ఎక్కడో చిరిగి ఉండొచ్చు. ఎంత తొక్కినా ముల్లు 3000 దాటకుండా, ఇంజన్ లైటు కూడా వెలిగితే స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లోపాలు చదివే పరికరం) పెట్టించాల్సిందే. ఆటోనగర్‌లో ఎవరి దగ్గరకి వెళ్లినా ముందు ఎయిర్ ఫిల్టరు, పైపులు చూడమనండి, అవి విప్పకుండానే టర్బో మార్చేద్దాం అంటే తాళాలు తీసుకుని వచ్చేయండి.