సముద్ర పక్షుల పరిశోధనలో ఆదివాసుల జ్ఞానం నిజంగా పనికొస్తుందా?

తప్పకుండా. నాకు తెలిసిన బలమైన ఉదాహరణ న్యూజిలాండ్‌లోని రకియురా (స్టీవర్ట్ దీవి) ప్రాంతపు ఆదివాసులైన మావోరీలు. టీటీ దీవుల్లో వాళ్లు తరతరాలుగా టీటీ పక్షి పిల్లలను పడుతున్నారు. ఇంగ్లీషులో దీన్ని సూటీ షియర్‌వాటర్ అంటారు. వేట ఏప్రిల్ 1 నుంచి మే 31 వరకే. పెద్ద పక్షుల జోలికి పోరు.

కొందరు ఏ రోజు ఎన్ని దొరికాయో ఏళ్ల తరబడి డైరీల్లో రాసుకున్నారు. 1990లలో ఒటాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు వాళ్లతో కలిసి పనిచేశారు. ఆ లెక్కలు చూస్తే, ఎల్ నినో (పసిఫిక్ సముద్రపు నీళ్లు మామూలుకన్నా వేడెక్కే పరిస్థితి) రాకముందే పిల్లల దిగుబడిలో మార్పు కనిపించింది! బొరియల్లో గూడు కట్టి, ఏటా ఉత్తర పసిఫిక్ దాకా వలసపోయే పక్షి ఇది. రెండు మూడేళ్ల సర్వేతో దాని స్థితి తేలదు. అందుకే ఆ డైరీలకు అంత విలువ. పరిశోధన కావాలని ముందుకొచ్చిందీ, దారి చూపిందీ కూడా మావోరీలే.