గజపతి జిల్లాలో గర్భిణుల రక్తహీనతపై ఎంపీహెచ్ థీసిస్: 384 మంది అవసరమా?

మీది ఒడిశాలోని పర్లాకిమిడి, ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) రెండో ఏడాది. గైడు 384 మంది అన్నారు, ఒక్కదాన్నే తిరగగలనా అని అడిగారు.

ప్రాబల్యం (రక్తహీనత ఉన్నవాళ్ల వాటా) 50 శాతం, తేడా (మన అంచనా అటూ ఇటూ తప్పగల మేర) 5 శాతం పెట్టుకుంటే 384 వస్తుంది. అయితే జిల్లా గర్భిణులందరి జాబితాలోంచి చీటీలు తీసినట్టు ఎంచితేనే అది చెల్లుతుంది. క్లస్టర్ పద్ధతిలో, అంటే ముందు గుంపుల్ని, వాటిలోంచి మనుషుల్ని ఎంచితే, డిజైన్ ఎఫెక్ట్ (అందుకోసం సంఖ్యను ఎన్ని రెట్లు పెంచాలో) 2 అయితే 768 కావాలి. ఒక్క మనిషి వల్ల కాదు. తేడా 7 శాతానికి సడలించండి. 196 వస్తుంది, డిజైన్ ఎఫెక్ట్ 2 బదులు 1.5 అనుకుని దాంతో హెచ్చిస్తే 294. పదో వంతు మంది దొరకరనుకుని 327. అంటే 30 క్లస్టర్లు, ఒక్కోదాంట్లో 11 మంది. 7, 1.5 ఎందుకో ముందే గైడుతో తేల్చుకోండి, వైవాలో అడిగేది అదే.

ఊరిని క్లస్టర్‌గా పెట్టకండి. జననాల రేటు వెయ్యికి 20 అనుకున్నా, ఏ రోజు చూసినా వెయ్యి జనాభాలో గర్భిణులు 15 మందే. మోహన కొండల మీద రెండొందల మంది ఉండే ఊళ్లో ముగ్గురు దొరికితే ఎక్కువ. సబ్‌సెంటర్‌ని (ఆరోగ్య ఉపకేంద్రం) తీసుకోండి, గిరిజన ప్రాంతాల్లో 3000 జనాభాకి ఒకటి ఉండాలన్నది లెక్క. అక్కడి ఏఎన్ఎమ్ (ఆరోగ్య కార్యకర్త) దగ్గరుండే గర్భిణుల రిజిస్టర్లోంచి లాటరీ తియ్యండి.

ఆ రిజిస్టర్‌కీ ఒక చిల్లుంది. తొలిచూలు అమ్మాయిలు నెలలు నిండేసరికి పుట్టింటికెళ్లిపోతారు, మన దగ్గర కొందరు పాతపట్నం వైపు. ఇంటి దగ్గరున్నవాళ్లతోనే 11 నింపేస్తే చివరి నెలలవాళ్లు తగ్గిపోతారు. దొరకనివాళ్ల నెల, కాన్పు సంఖ్య రాసుకోండి.

ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు ఒక్క చుక్క రక్తం కూడా తియ్యకండి, ఆ డేటా పనికిరాదు. అంగీకారపత్రం ఒడియా, తెలుగు, సవర మూడింటిలోనూ ఉండాలి. సవరలో చదివి వినిపించి, మరొకరిచేత దాన్ని మళ్లీ మూల భాషలోకి అనువాదం చేయించి సరిచూడండి.

వేలు గుచ్చేటప్పుడు స్పిరిట్ ఆరనివ్వండి. మొదటి రెండు మూడు చుక్కలు తుడిచెయ్యండి. వేలు పిండితే కణజాల ద్రవం కలిసి హిమోగ్లోబిన్ తక్కువ చూపిస్తుంది. హిమోక్యూ (చేతిలో పట్టే హిమోగ్లోబిన్ మీటర్) వాడితే క్యువెట్ (రక్తం పట్టే చిన్న ప్లాస్టిక్ పలక) తీసిన వెంటనే డబ్బా మూత పెట్టండి. వానాకాలంలో తేమ పట్టేస్తుంది. 2024 డబ్ల్యూహెచ్‌వో (ప్రపంచ ఆరోగ్య సంస్థ) మార్గదర్శకాల ప్రకారం రక్తహీనతకు హద్దు డెసిలీటరు రక్తానికి 11 గ్రాముల హిమోగ్లోబిన్, నాలుగు నుంచి ఆరో నెల దాకా మాత్రం 10.5. కొండ ఊళ్లకు ఎత్తు సవరణ కూడా ఉంది.

ఆశా దీదీ ఇల్లు చూపించాక పక్కకి పంపెయ్యండి. ఆవిడ కూర్చుంటే ఐరన్ మాత్రలు అందరూ వేసుకుంటున్నామనే అంటారు. “వేసుకుంటున్నారా” అనొద్దు. “స్ట్రిప్ ఓసారి చూపించమ్మా” అని, వారంలో ఎన్ని మింగిందో అడగండి.