లక్సెంబర్గ్‌లో ఐదేళ్లుంటే పౌరసత్వం వచ్చేస్తుందా?

లక్సెంబర్గ్‌లో ఉద్యోగం వచ్చిందండీ, ఐదేళ్లుంటే పాస్‌పోర్ట్ ఇచ్చేస్తారట కదా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఐదేళ్ల మాట నిజమే. కానీ ఐదేళ్లకి దొరికేవి రెండు వేరు వేరు విషయాలు, ఆ రెండింటినీ ఒకటే అనుకుని చాలామంది నాలుగో ఏడు దాకా ఏమీ చేయకుండా ఉండిపోతున్నారు. ఒకటి లాంగ్ టర్మ్ రెసిడెంట్ కార్డు, మనవాళ్లు పీఆర్ అంటుంటారు. దానికి స్థిరమైన ఆదాయం, ఇల్లు, ఆరోగ్య బీమా ఉండాలి, ఐదేళ్లు తెగకుండా ఇక్కడే ఉండాలి, భాష పరీక్ష రాయాలన్న షరతు లేదు. రెండోది పౌరసత్వం. దానికి ఇక్కడి జాతీయ భాష లక్సెంబర్గిష్ రావాలి. ఫ్రెంచ్ ఎంత బాగా వచ్చినా దాని బదులు చెల్లదు.

ముందు రాకడ సంగతి చెప్తాను. పర్మిషన్ కాగితం ఇండియాలో ఉండగానే రావాలి, దాని మీద డి వీసా, అంటే ఎక్కువ కాలం ఉండటానికి ఇచ్చే వీసా, తీసుకుని దిగాలి. దిగిన మూడు రోజుల్లో మీరుండే ఊరి కమ్యూన్ ఆఫీసుకి (మన మున్సిపాలిటీ లాంటిది) వెళ్లి పేరు నమోదు చేయించుకోవాలి, తర్వాత మెడికల్ చెకప్, టీబీ పరీక్ష, మూడు నెలల్లోపు రెసిడెన్స్ పర్మిట్‌కి అప్లికేషన్. మామూలు ఉద్యోగి పర్మిట్ అయితే మొదటిసారి గరిష్ఠంగా ఏడాదికే ఇస్తారు, అదీ ఒకే రంగానికి, ఒకే వృత్తికి. జీతం బాగా ఎక్కువైతే బ్లూ కార్డు, అంటే ఎక్కువ నైపుణ్యం ఉన్న ఉద్యోగులకి ఇచ్చే పర్మిట్, అడగండి, కంపెనీ హెచ్చార్ తనంతట తాను చెప్పకపోవచ్చు.

కమ్యూన్ నమోదు గురించి గట్టిగా చెప్పాలి. మీ ఐదేళ్ల లెక్కకి రుజువు ఆ రిజిస్టరే. ఇక్కడ అద్దెలు ఘోరంగా ఉంటాయి కాబట్టి మొదట్లో రూమ్ షేర్ చేసుకుంటారు, కొందరు ఓనర్లు "ఉండండి గానీ ఈ అడ్రస్ మీద రిజిస్టర్ అవ్వొద్దు" అంటారు. నాకూ ఒకాయన అలాగే చెప్పాడు, ఆ రూమ్ వదులుకుని కొంచెం ఎక్కువ అద్దెకి వేరే చోట దిగాను. మీరూ ఆ మాట విన్న వెంటనే వేరే ఇల్లు చూసుకోండి. దేశంలోనే ఇల్లు మారితే ఎనిమిది రోజుల్లో చెప్పాలి. డిపాజిట్ రెండు నెలల అద్దెకి మించి అడగకూడదని 2024లో చట్టం మారింది, అది గుర్తుపెట్టుకుని మాట్లాడండి.

ఇంకో పొరపాటు ఆలోచన, అద్దె తగ్గుతుందని సరిహద్దు దాటి థియోన్‌విల్‌కో ట్రియర్‌కో వెళ్లిపోవడం. ఆఫీసులో పక్క సీటాయన అక్కణ్నుంచే రోజూ వస్తున్నాడు కదా అనిపిస్తుంది, కానీ ఆయనది యూరప్ పాస్‌పోర్ట్. మన లక్సెంబర్గ్ పర్మిట్ ఫ్రాన్స్‌లోనో జర్మనీలోనో కాపురం పెట్టే హక్కు ఇవ్వదు, పైగా అక్కడ గడిపిన కాలం ఇక్కడి ఐదేళ్లలో కలవదు. దేశంలో బస్సులు, రైళ్లు, ట్రామ్ 2020 నుంచి అందరికీ ఉచితం కాబట్టి సిటీ వదిలి ఉత్తరాన ఎట్టెల్‌బ్రుక్ వైపో దక్షిణాన ఎష్ వైపో చూడండి, దేశం లోపలే ఉంటారు.

పీఆర్ కోసం ఐదేళ్లలో ఒకేసారి ఆరు నెలలు, మొత్తం మీద పది నెలలు మించి బయట ఉండకూడదు. అమ్మానాన్నలకి బాగోలేక ఇండియా వెళ్లి అక్కణ్నుంచే పని చేద్దామనుకునేవాళ్లు ముందు ఈ లెక్క చూసుకోండి. పౌరసత్వానికైతే అప్లికేషన్‌కి ముందు చివరి ఏడాది తెగకుండా ఇక్కడే ఉండాలి.

ఇక భాష. పరీక్ష పేరు స్ప్రోహెన్‌టెస్ట్. రాసే భాగం లేదు, మాట్లాడటం ఏ2 (ప్రాథమిక) స్థాయి, విని అర్థం చేసుకోవడం దానికంటే ఒక మెట్టు పైనున్న బీ1 స్థాయి. మాట్లాడే దాంట్లో ఒక విషయం మీద సంభాషణ ఉంటుంది, ఒక బొమ్మ చూపించి వర్ణించమంటారు. వినే భాగం చిన్నదే కదా అనిపిస్తుంది, కానీ ఇక్కడ ఆఫీసులో ఇంగ్లీషు, షాపులో ఫ్రెంచ్ నడుస్తుంది కాబట్టి మీరు పనిగట్టుకుని వెతుక్కుంటే తప్ప లక్సెంబర్గిష్ చెవిన పడదు. అందుకే మొదటి ఏడాదే క్లాసులో చేరమంటాను. జాతీయ భాషా సంస్థ కోర్సులకి సీట్లు దొరకడం కష్టం, రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే పేరు ఇచ్చేయాలి. వాళ్లదే ఎల్ఎల్ఓ అనే ఆన్‌లైన్ పాఠాలున్నాయి, ఉచితం. ఉద్యోగంలో ఆరు నెలలు దాటాక భాష నేర్చుకోవడానికి ప్రత్యేక సెలవు కూడా చట్టంలో ఉంది, మొత్తం 200 గంటల దాకా, దాని ఖర్చులో సగం ప్రభుత్వం కంపెనీకి తిరిగి ఇస్తుంది. మనవాళ్లు ఈ సెలవు అడగడానికి మొహమాటపడుతున్నారు. అడగండి, అది మీ హక్కు.

భాషతో పాటు 24 గంటల పౌర విద్య కోర్సు ఉంటుంది, హక్కులు, ప్రభుత్వ వ్యవస్థ, చరిత్ర. క్లాసులకి హాజరైతే చాలు, వద్దనుకుంటే పరీక్ష రాయొచ్చు.

ఇంట్లో ఒకరికి పౌరసత్వం వస్తే రెండోవాళ్లకి దానంతటదే రాదు. భర్తకి ముందు వస్తే ఇక్కడే ఉంటున్న భార్యకి ఐదేళ్ల షరతు పోతుంది గానీ, భాష పరీక్ష, ఆ కోర్సు ఆమె కూడా పూర్తిచేయాలి. అందుకని ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టండి, ఇంట్లో ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు. పద్దెనిమిది నిండని పిల్లలకి అమ్మానాన్నల్లో ఒకరికి వచ్చినప్పుడే వచ్చేస్తుంది. విడిగా, ఇక్కడి ప్రభుత్వ విద్యలో ఏడేళ్లు చదివిన పిల్లలకి పన్నెండేళ్ల వయసు నుంచి ఇంకో దారి ఉంది, కానీ సొంత సిలబస్ నడిపే ప్రైవేటు స్కూలు ఏళ్లు అందులో కలవవు.

కాగితాల్లో మనవాళ్లు ఇరుక్కునేది పేర్ల దగ్గర. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్ట్‌లో వెనక, బర్త్ సర్టిఫికెట్‌లో అసలు పిల్లాడి పేరే ఉండదు. ఇండియా వెళ్లినప్పుడే మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో సరిచేయించి, అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర) వేయించుకుని తెచ్చుకోండి. ఇండియా నుంచి పోలీస్ క్లియరెన్స్ ఎలాగూ కావాలి, గత పదిహేనేళ్లలో దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో ఉండి ఉంటే అక్కణ్నుంచి కూడా తెప్పించాలి, దానికి టైమ్ పడుతుంది.

చివరిగా ఇండియా పాస్‌పోర్ట్. లక్సెంబర్గ్ 2009 నుంచి రెండు పౌరసత్వాలు ఒప్పుకుంటోంది, మన దేశం ఒప్పుకోదు. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం ఇక్కడిది తీసుకున్న క్షణమే అక్కడిది పోతుంది, పాస్‌పోర్ట్ సరెండర్ చేసి ఓసీఐ, అంటే విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చే కార్డు, తీసుకోవాలి. ఓటు ఉండదు. వ్యవసాయ భూమి కొనకూడదు, ఎన్నారైగా ఉన్నప్పుడు కూడా ఆ రూల్ అంతే, తాతల పొలం వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. తిరిగి వెళ్లే ఆలోచన గట్టిగా ఉన్నవాళ్లకి పీఆర్ దగ్గరే ఆగిపోవడం తప్పేమీ కాదు, యూరప్‌లో ఎక్కడైనా స్వేచ్ఛగా పనిచేయాలి అనుకునేవాళ్లకి మాత్రం పౌరసత్వమే కావాలి. ఇది ఐదో ఏట కాదు, భార్యాభర్తలు ముందే కూర్చుని, ఊళ్లో పెద్దవాళ్లతో కూడా మాట్లాడి తేల్చుకోండి.