ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే బూజు విషం ఎక్కువ దెబ్బ తీస్తుందా?

బూజు పట్టిన పల్లీలో, మొక్కజొన్నో తిన్నప్పుడు ఒంట్లో అప్పటికే ఇన్ఫెక్షన్ ఉంటే హాని పెరుగుతుందా, లేక అవి వేరువేరు సంగతులా అని అడిగారు. పెరుగుతుంది. నేను డాక్టర్ని కాదు కానీ, మా కోళ్ల విషయంలో ఇది కళ్లారా చూశాను.

మాది విజయనగరం జిల్లా, చీపురుపల్లి దగ్గర పల్లె. ఒక ఏడాది మొక్కజొన్న పొత్తులు విరిచి కళ్లంలో ఆరబోశామో లేదో, నాలుగు రోజులు ముసురు పట్టింది. టార్పాలిన్ కింద పొత్తులు ఉడుకెత్తి, గింజల సందుల్లో పసుపు కలిసిన ఆకుపచ్చ పొడి లేచింది. ముట్టుకుంటే వేళ్లకు అంటుకునేది. ముక్కిన వాసన. పారేయడానికి మనసొప్పక అమ్మ పచ్చవి ఏరేసి, మిగతావి ఎండబెట్టి కోళ్లకు వేసింది. 40 కోళ్లూ అదే తిన్నాయి. చాలావాటికి మేత సయించక కాస్త చిక్కాయి, అంతే. మురుగు నీళ్లు తాగి పారుడు పట్టిన 11 మాత్రం వారంలోపే పోయాయి.

పశువుల డాక్టరు గారు ఒకదాన్ని కోసి చూపించారు. కార్జం ఉబ్బి, పాలిపోయి పసుపు రంగుకు తిరిగింది. దాని మీద మీగడలా తెల్లటి పొర. "ఈ రంగు బూజు విషం వల్ల, ఈ పొర ఈ.కోలై వల్ల. ఏదో ఒకటే అయితే తట్టుకునేవేమో అమ్మా" అన్నారు.

తర్వాత చదివితే ఆయన మాట అర్థమైంది. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు వదిలే విషం అఫ్లటాక్సిన్. కాలేయం దాన్ని ముందు ఇంకా ఘాటైన రూపంలోకి మార్చి, ఆ తర్వాత విషాన్ని విరిచే గ్లూటాథయాన్‌తో కలిపి బయటికి పంపుతుంది. విషం కొద్దిపాటిదైతే ఈ పని ఎలాగో సాగిపోతుంది. ఈ.కోలై, సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా పైపొరలో ఎండోటాక్సిన్ అనే విషపదార్థం ఉంటుంది. పేగు వాచినప్పుడు అది రక్తంలోకి జారి, పేగుల నుంచి వచ్చే రక్తంతో నేరుగా కాలేయానికే చేరుతుంది. అక్కడ కాపలా కాసే కుఫర్ కణాలు దాన్ని పసిగట్టి టీఎన్ఎఫ్ అనే రసాయనాన్ని వదులుతాయి. తెల్ల రక్తకణాలు గుంపుగా వచ్చిపడతాయి. బూజు విషంతో సతమతమవుతున్న కాలేయ కణాలు ఆ వాపుకు తాళలేవు. ఎలుకల్లో విడివిడిగా పెద్దగా హాని చేయని మోతాదులే, కలిపి ఇస్తే కాలేయాన్ని బాగా దెబ్బతీశాయి. టీఎన్ఎఫ్‌ను అడ్డుకుంటే ఆ దెబ్బ తగ్గింది.

పైగా అఫ్లటాక్సిన్ రోగనిరోధక శక్తినే తగ్గిస్తుంది కాబట్టి ఇన్ఫెక్షన్ ఇంకా సులువుగా అంటుకుంటుంది. మనుషుల మీద ఇలాంటి ప్రయోగాలు చేయలేరు. కానీ హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు ఈ విషం తోడైతే కాలేయ క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుందని గట్టిగా తేలింది. అది బ్యాక్టీరియా కాదు, వైరస్ అనుకోండి. ఎక్కువైతే ఈ విషం ఒక్కటే ప్రాణం తీయగలదు కూడా: 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు.

అందుకే జ్వరం, విరేచనాలు ఉన్న పిల్లలకు, పెద్దవాళ్లకు ముక్కిన పల్లీలతో పచ్చడి చేసి పెట్టకండి. వేయించినా, ఉడికించినా ఈ విషం పూర్తిగా పోదు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించండి. ఏం తిన్నారో కూడా చెప్పండి.

అమ్మ ఇప్పుడు సంచి మూతి కట్టే ముందు గింజ కొరికి చూస్తుంది. టక్కున విరగలేదంటే మళ్లీ ఎండలోకే.