కాలనీ పక్కన అద్దె ఇళ్ల ప్లాన్: సంతకం పెట్టేముందు కాలువ చూసి రండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఒంగోలు శివార్లలో మీ కాలనీని ఆనుకుని అరెకరం ఖాళీగా ఉంది. అందులో తక్కువ అద్దెకి ఇవ్వడానికి వరస ఇళ్లు కడతానని ఒకాయన ప్లాన్ పెట్టాడు. వద్దంటూ కాలనీలో సంతకాలు తీసుకుంటున్నారు. అమెరికాలో మీ అబ్బాయి ఉండే ఊళ్లో ఇలాంటి టౌన్‌హోమ్‌ల ప్లాన్ వస్తే పబ్లిక్ హియరింగ్ పెట్టి ఇరుగుపొరుగు మాట వింటారట. ఇక్కడ కూడా అలా ఉంటుందా, సంతకం పెట్టాలా వద్దా అని అడిగారు.

నేనైతే పెట్టాను. చదవకుండానే పెట్టాను. ఆ తర్వాత ఆ సంతకం గురించి చాలా రోజులు సిగ్గుపడ్డాను. కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మాది నెల్లూరు. ఊరు పెరిగి మాగాణి భూములు ప్లాట్లయిన చోట 2012లో లోన్ పెట్టి ఇల్లు కట్టుకున్నాం. మా వీధి చివర 200 అంకణాల జాగా ఖాళీగా ఉండేది. మా వైపు స్థలాన్ని అంకణాల్లోనే చెబుతాం. ఒక అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. ఆ లెక్కన అది 1,600 గజాలు. 2022లో దాని ఓనర్ రెండు వరసల్లో, వరసకి 8 చొప్పున 16 ఇళ్లకి ప్లాన్ పెట్టాడు. కింద హాలు, వంటిల్లు, పైన ఒక గది. అన్నీ అద్దెకే. అద్దె ఆరు వేల లోపు ఉంటుందని అప్పట్లో అనుకున్నారు.

వారం తిరక్కుండానే మా కాలనీలో ఒక రిటైర్డ్ మాస్టారు పిటిషన్ రాసుకుని ఇంటింటికీ వచ్చారు. కాలనీ వాతావరణం చెడిపోతుందని, దొంగతనాలు పెరుగుతాయని, స్థలాల రేట్లు పడిపోతాయని రాశారట. అది కేంద్ర ప్రభుత్వ స్కీమ్ అని, బయట రాష్ట్రాల కూలీలని తెచ్చి పెడతారని ఇంకో పుకారు. నేను పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను. నలభైమంది సంతకాలు కనిపించాయి. నలభై ఒకటోది నాది.

ఆ ఆదివారమే మా చెల్లెలి కూతురు ఇంటికొచ్చింది. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. అద్దె ఇల్లు వెతుక్కుంటూ పదకొండు టులెట్ బోర్డులు తిరిగిందట. ఒంటరి ఆడపిల్లకి ఇవ్వమన్నారు కొందరు. నైట్ డ్యూటీ అంటే గేటు తియ్యడం కుదరదన్నారు ఇంకొందరు. ఒకావిడ ఇల్లంతా చూపించి, మోటర్ టైమింగ్ కూడా చెప్పి, చివర్లో "మీరేమిట్లు?" అని అడిగి, సమాధానం విన్నాక ఇల్లు వేరేవాళ్లకి మాటిచ్చేశామందట. "పెద్దమ్మా, నువ్వెట్టా ఉన్నావు పోర్షన్లలో?" అని అడిగింది.

మేం స్టోన్‌హౌస్‌పేటలో తొమ్మిదేళ్లు ఒక పోర్షన్‌లో ఉన్నాం. పొద్దున ఇరవై నిమిషాలు నీళ్లు. చుట్టాలొస్తే ఎన్నాళ్లుంటారని ఓనరమ్మ మా ముందే అడిగేది. ఇవన్నీ గుర్తుండి కూడా ఎట్టా పెట్టాను ఆ సంతకం?

మర్నాడు సోమవారం. సోమవారం అర్జీలు తీసుకునే రోజని తెలిసి నేనూ మా ఆయనా వార్డు సచివాలయానికి వెళ్లాం. నా సంతకం వెనక్కి తీసుకోవచ్చా అని అడుగుదామని వెళ్లాను. అక్కడ ఇళ్ల ప్లాన్లు చూసే ప్లానింగ్ సెక్రటరీ చిన్నపిల్ల. వార్డు సచివాలయాలు వచ్చాక ఉద్యోగంలో చేరినట్టుంది. మా పిటిషన్ ఆమె ఫైల్లోనే ఉంది.

"ఆంటీ, దీని మీద నేనేం రాయాలో మీరే చెప్పండి. ఓనర్ ఉంటాడా, అద్దెకిస్తాడా అని మా ఫారంలో కాలమే లేదు. అద్దెవాళ్లు వస్తారని ప్లాన్ ఆపే రూలూ లేదు. రోడ్డు సంగతో, డ్రైన్ సంగతో రాసుంటే సైటుకెళ్లి చూసి రాసేదాన్ని."

నలభై ఒక్క సంతకాలకీ విలువ అంతే. మీ కాలనీ పిటిషన్‌లో కూడా ఇవే మాటలుంటే దానికీ అంతే.

హియరింగ్ సంగతి కూడా అక్కడే అడిగాను. మీ అబ్బాయి చెప్పినట్టు ఒక్కో ప్లాన్‌కి ఊరివాళ్లని పిలిచి మాట్లాడించే పద్ధతి మన దగ్గర లేదు. ప్లాన్ ఆన్‌లైన్‌లో లైసెన్స్ ఉన్న ఇంజనీర్ ద్వారా వెళుతుంది. రూల్స్‌కి సరిపోతే పర్మిషన్ వస్తుంది. జనం మాటకి చట్టంలోనే చోటున్న సందర్భం ఒకటుంది. మాస్టర్ ప్లాన్‌లో ఆ స్థలం వ్యవసాయానికో, పార్కుకో, పరిశ్రమలకో చూపించి ఉండి, దాన్ని నివాసానికి మార్చాల్సి వస్తే ముందు ప్రకటన ఇవ్వాలి. అభ్యంతరాలకి 15 రోజులు గడువు ఉంటుంది. పేపర్లో లోపలి పేజీల్లో చిన్న అక్షరాలతో సర్వే నంబరుతో సహా వచ్చే ఆ ప్రకటనల్ని మనం ఎప్పుడూ చదవం. అందుకని మీరు ముందు తెలుసుకోవాల్సింది మీ అరెకరం మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉందో. రెండోది, అది కార్పొరేషన్ లోపలా, బయట పంచాయతీలోనా. బయట అయితే 2019లో పెట్టిన ఒంగోలు అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ దగ్గర కూడా కనుక్కోవాలి. చాలామంది ఒక ఆఫీసులో ఇవ్వాల్సిన కాగితం ఇంకో ఆఫీసులో ఇచ్చి నెలలు పోగొట్టుకుంటారు.

మా జాగా నివాస జోన్‌లోనే ఉంది. కాబట్టి ఆ తలుపు మాకు మూసేసినట్టే. మిగిలింది ఆ పిల్ల అన్న డ్రైన్ మాట.

నిజానికి మాకు అసలు భయం ఉండాల్సింది దాని మీదే. 2021 నవంబరులో సోమశిల నుంచి పెన్నకి 5 లక్షల క్యూసెక్కుల పైన వదిలినప్పుడు నెల్లూరులో నది పక్క కాలనీలు మునిగాయి. మేం నదికి దూరం. మమ్మల్ని ముంచింది వాననీళ్లే. మూడు రోజులు వీధిలో మోకాలి లోతు. ఇంట్లోకి ఎందుకు రాలేదంటే ఆ 200 అంకణాల జాగా మా వీధి కంటే పల్లం. వీధి నీళ్లన్నీ అందులోకి దిగాయి. ఆ సంగతి మాకప్పుడు తట్టలేదు. ఖాళీ జాగాలో చెత్త, దోమలు అని విసుక్కునేవాళ్లం. ఇప్పుడాయన అందులో నాలుగడుగులు గ్రావెల్ తోలి ఎత్తు చేస్తే ఆ నీళ్లు ఎక్కడికి పోవాలి?

మా ఇల్లు కట్టిన మేస్త్రీని పిలిచాం. నీళ్లు నింపిన ప్లాస్టిక్ గొట్టం ఒక కొస ఆయన పట్టుకుని, ఇంకో కొస మా ఆయన పట్టుకుని వీధి మొదలు నుంచి లెవెల్ చూశారు. పిల్లలంతా చుట్టూ మూగారు. డ్రైన్ మా ఇంటి ముందు రెండడుగుల వెడల్పు. పోయేకొద్దీ సన్నబడింది. పెద్ద కాలువలో కలిసే చోట పదహారు అంగుళాలు. కల్వర్టు కింద ఒక్కటే అడుగు పైపు, అందులో సగం పూడు.

ఇదేం కట్టుబడి అంటే మేస్త్రీ నవ్వాడు. "అమ్మా, ఇది డ్రైన్ కాదు, పాత పంట కాలువ. పొలాలకి నీళ్లు పంచుకుంటా పోతాది కాబట్టి చివరికి సన్నబడతాది. మురుగు కాలువ అయితే ఇంటింటి నీళ్లు కలుపుకుంటా వెడల్పవ్వాల. దీనికే సిమెంటు పూసి డ్రైన్ అన్నారు."

మాగాణి మీద లేచిన కాలనీల్లో సగం ముంపు బాధ ఈ ఒక్క మాటలో ఉంది. మీ వైపు కూడా పాత పొలాలే అయితే మీ డ్రైన్‌ని ఈ కంటితో చూడండి. సర్వే ఆఫీసులో ఎఫ్ఎంబీ స్కెచ్ (పొలాల హద్దులు, కొలతలు గీసిన సర్వే పటం) అడిగి తీసుకుంటే పాత కాలువ ఎటు పోయేదో, ఎంత వెడల్పుండేదో గీత గీసి ఉంటుంది. మా కాలువ మీద ఎవరి ప్రహరీలు ఎంతెంత ముందుకొచ్చాయో అందులో తేలింది. ఆ ప్రహరీల్లో ఒకటి పిటిషన్‌లో మొదటి సంతకం పెట్టినాయనది. ఆ ముక్క మేం అర్జీలో రాయలేదు, కాలనీలో బతకాలి కదా.

రెండో అర్జీ ఒక్క పేజీ. జాగా లెవెల్ వీధి కంటే ఎంత ఎత్తు చెయ్యబోతున్నారు, వాననీళ్లు ఎటు వదులుతారు, సెప్టిక్ ట్యాంకు పొంగు నీళ్లు వాన డ్రైన్‌లో కలపకుండా ఏం చేస్తారు, గేటు మా ఇరుకు వీధిలోకి కాకుండా అవతల పెద్ద రోడ్డు వైపు పెట్టించగలరా. వీటికి లెవెల్ కొలతలు, 2021 నాటి ఫోన్ ఫోటోలు జత చేశాం. వరస ఇళ్లకి భవన నిర్మాణ నియమాల్లో విడిగా షరతులున్నాయి. ఒక వరసలో 8 ఇళ్లకి మించకూడదు, రెండు బ్లాకుల మధ్య 6 మీటర్లు వదలాలి. కాగితం మీద ఆయన అవి పాటించాడు. ఆ 6 మీటర్లలో తర్వాత రేకుల షెడ్డు వెయ్యకుండా చూడమని మాత్రం అడిగాం.

ఈసారి తొమ్మిది సంతకాలే. మాస్టారుకి చూపిస్తే, "అద్దెవాళ్ల మాట లేకపోతే నేను పెట్టనమ్మా" అన్నారు. పెట్టలేదు కూడా.

పన్నెండు రోజులకి సైటుకి మనుషులొచ్చారు. లెవెల్ తగ్గించమన్నారు, ఇంకుడు గుంతలు ప్లాన్‌లో చూపించిన చోట తవ్వించమన్నారు, గేటు పెద్ద రోడ్డు వైపు మార్చమన్నారు. ఆ ఓనర్ కోపంగా మా ఇంటికొస్తాడనుకుని నాకు ఒకటే టెన్షన్. వచ్చాడు. కాఫీ తాగి, "అమ్మా, ఈ మాట ముందే చెప్పుంటే నేనే తక్కువ తోలేవాణ్ణి కదా! గ్రావెల్ లోడు ఎంతో తెలుసా?" అన్నాడు. ముందు ఆయనతో మాట్లాడాలని మా నలభై ఒక్కమందిలో ఒక్కరికీ తోచలేదు.

కాలువ వెడల్పు చెయ్యడం మాత్రం ఆయన పని కాదు, ఊరి పని. అంచనా వేశారు, టెండరన్నారు. ఏడాది పైన పట్టింది. అదీ కల్వర్టు దాకా వచ్చి ఆగిపోయింది. ఇప్పటికీ పెద్ద వానకి మా వీధిలో చీలమండ లోతు నిలుస్తుంది. మోకాలి లోతైతే మళ్లీ రాలేదు.

మీ దగ్గర కూడా ప్రభుత్వ స్కీమ్ అని పుకారుంటే ఒక లెక్క చూసుకోండి. 2020లో కేంద్రం పెట్టిన అద్దె ఇళ్ల సముదాయాల పథకానికి కనీసం 40 ఇళ్లుండాలని అప్పట్లో రూల్. మా దగ్గర 16, కాబట్టి ఆ పుకారు అక్కడే తేలిపోయింది. 2024 సెప్టెంబరులో మొదలైన పీఎంఏవై అర్బన్ 2.0 (పట్టణాల్లో ఇళ్ల కోసం కేంద్రం పెట్టిన పథకం)లో కూడా అద్దె ఇళ్లకి ఒక విభాగం ఉంది. మీ ఓనర్ దాని కింద కడుతున్నాడో లేదో ఆయన్నే అడగండి, దాచాల్సిన విషయం కాదది. ఎవరో రెరాలో ఫిర్యాదు చేద్దామన్నారని రాశారు. రెరా అంటే స్థిరాస్తి వ్యాపారాన్ని అదుపు చేసే చట్టం, అది అమ్మే ఇళ్ల కోసం. అద్దెకి తీసుకునేవాళ్లు ఆ చట్టం లెక్కలో కొనుగోలుదార్ల కిందికి రారు. ఆ దారిలో వెళ్లి టైం పోగొట్టుకోకండి. ప్లాన్ కాపీ, సైట్ రిపోర్టు చూపించకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈలోపు పునాది లేచిపోతుందనుకుంటే దరఖాస్తుతో పాటే అర్జీ కూడా ఇచ్చేయండి. పెద్ద కట్టడాలకి కట్టిన దాంట్లో 10 శాతం ప్లానింగ్ వాళ్ల పేర తాకట్టు పెట్టించుకుంటారు. అంతా ప్లాన్ ప్రకారం ఉందని తేలి, ఇక అందులో చేరొచ్చని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చాకే అది వదులుతారు. అందుకే ఓనర్ మీ మాట వినేది కూడా ఆ సర్టిఫికెట్ వచ్చేదాకానే.

మేం అడగడం మర్చిపోయింది బండ్ల సంగతి. 16 ఇళ్లకి ఇరవై పైన బైకులు, రెండు ఆటోలు. లోపల చోటు చాలక సాయంత్రం కొన్ని మా వీధిలో పెడుతున్నారు. పొద్దున నీళ్ల క్యాన్ల ఆటో వచ్చిందంటే స్కూల్ వ్యాన్ కదలదు. ఈ బాధ అద్దెవాళ్లు కాబట్టి వచ్చింది కాదు. లెక్కేసి అడగనందుకు వచ్చింది. మీరు ప్లాన్‌లో పార్కింగ్ ఎంత చూపించారో తప్పక చూడండి.

మా చెల్లెలి కూతురికి అందులో ఇల్లు దొరికిందా అని అడుగుతారేమో. దొరకలేదు. అవి నిండేసరికి ఆరు వేలన్న అద్దె ఏడున్నర అయింది. ఆ పిల్ల ఇప్పుడు ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి వేదాయపాళెం వైపు ఉంటోంది. ఏడున్నరకి చేరినవాళ్లు మాత్రం ఉన్నారు. ఒక టైలరు, ఇద్దరు కాలేజీ లెక్చరర్లు, పోర్టులో పని చేసే కుర్రాళ్లు. దొంగతనాలు అంతకుముందు ఎన్నో ఇప్పుడూ అన్నే.

మీ వీధి డ్రైన్ ఎటు పారుతోందో, ఆ అరెకరం మీకంటే పల్లమో మెరకో చూసి ఇక్కడ రాయండి. ఫోటో పెడితే మా మేస్త్రీకి చూపించి చెబుతాను. సంతకాల కాగితం మీ గుమ్మంలోకి వస్తే ముందు మొత్తం చదవండి, పొయ్యి మీద ఏమున్నా సరే.