ఉదయం యోగా చేస్తున్నా మనసు కుదుటపడట్లేదంటే

శవాసనం (యోగా చివర్లో వెల్లకిలా కదలకుండా పడుకునే ఆసనం) వదిలేయడమే కారణం అయి ఉంటుంది. రోజూ 12 సూర్యనమస్కారాలు చేస్తుంటే ఒళ్లు తేలికపడుతోంది గానీ టెన్షన్ తగ్గట్లేదని మీరు పంపిన ప్రశ్నలో అన్నారు. చివరి నమస్కారం అవగానే స్నానానికి పరుగెడుతున్నానని కూడా మీరే రాశారు.

వేగంగా చేస్తే గుండె వేగం పెరుగుతుంది. అది నెమ్మదించేలోపే లేచిపోతే ఆ హడావిడి మీతోనే బయల్దేరుతుంది. చాలామంది శవాసనాన్ని ఊరికే పడుకోవడం అనుకుంటారు. నా దృష్టిలో అసలు సాధన అదే.

1. ఫోన్ ముట్టుకోకముందే, ఖాళీ కడుపుతో మొదలుపెట్టండి.

2. నమస్కారాలు సగానికి తగ్గించండి. ఆయాసం వస్తోందంటే వేగం ఎక్కువైనట్టే.

3. తర్వాత శవాసనం, కనీసం 5 నిమిషాలు. వెల్లకిలా పడుకుని, అరచేతులు పైకి, కాళ్లు కాస్త ఎడంగా.
పాదాల నుంచి నుదుటి దాకా ఒక్కో భాగాన్నీ వదులు చేస్తూ రండి. దవడను అందరూ మర్చిపోతారు, దాన్ని ప్రత్యేకంగా చూసుకోండి.
పీల్చే శ్వాస కంటే వదిలే శ్వాస కాస్త పొడవుగా ఉండాలి. గుండె వేగం తగ్గడానికి అది సాయపడుతుంది.
ఆలోచనలు వస్తాయి, రానివ్వండి. వాటితో వాదన పెట్టుకోకుండా మళ్లీ శ్వాస దగ్గరికి రండి.
నిద్ర ముంచుకొస్తే కళ్లు సగం తెరవండి.

4. పక్కకు ఒత్తిగిలి మెల్లగా లేచి, రెండు నిమిషాలు కదలకుండా కూర్చోండి. జపం, ప్రార్థన అలవాటుంటే అప్పుడే. దైవభక్తి లేకపోతే మౌనంగా ఉన్నా చాలు.

నడుము నొప్పి ఉంటే మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. గర్భం చివరి నెలల్లో ఉన్నవాళ్లు వెల్లకిలా కాకుండా ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి.