ఉర్దూ చదవబోతే కథానాయకుడికి తోక మొలిచింది

ఉర్దూ చదవడం నేర్చుకునేటప్పుడు నవ్వు తెప్పించిన అనుభవాలు ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయి, అయితే వాటిలో చాలావరకు నాకు కాక వింటున్నవారికి నవ్వు తెప్పించినవే. హిందీ పాటలు అర్థమవుతున్నాయి కదా, ఇక లిపి ఒక్కటి పట్టుబడితే చాలునన్న ధీమాతో, ఉద్యోగంలో చేరిన తరువాత నేను ఉర్దూ మొదలుపెట్టాను.

అక్షరాలు నెల రోజుల్లో వచ్చాయి, చదవడం మాత్రం రాలేదు. తెలుగువారికి ఈ మాట వింతగా తోస్తుంది, ఎందుకంటే గుణింతం వచ్చిన మనిషి అర్థం తెలియని సంస్కృత సమాసాన్నైనా తప్పు లేకుండా పైకి చదివేయగలడు. ఉర్దూలో అ, ఇ, ఉ అనే హ్రస్వాలకు జబర్, జేర్, పేష్ అనే గుర్తులు ఉన్నాయి గాని, పిల్లల వాచకాలు దాటిన తరువాత వాటిని దాదాపుగా ఎవరూ వ్రాయరు. మనం 'కల', 'కిల', 'కుల' మూడింటినీ ఒకే విధంగా వ్రాసి, ఏది కావాలో మీరే చూసుకోండి అన్నట్లుంటుంది. చదివి అర్థం చేసుకోవడం కాదు, అర్థం చేసుకున్న తరువాతే చదవాలి.

ఈ సంగతి నాకు ఒక విషాద కథలో తెలిసింది. చివరి పేజీలో కథానాయకుడు 'దమ్ తోడ్ దియా', అంటే ప్రాణం విడిచాడు. దాల్, మీమ్ అనే రెండే అక్షరాలు గనుక నేను దానిని ఎంతో భావయుక్తంగా 'దుమ్ తోడ్ దియా' అని చదివాను. దుమ్ అంటే తోక. అంతసేపూ నిబ్బరంగా విన్న మా ఉస్తాద్‌గారు, తోక స్త్రీలింగం కనుక అది విరిగి ఉంటే 'తోడ్ దీ' అని ఉండేదని, వ్యాకరణం ప్రకారం కూడా ఆ మనిషికి తోక లేదని ఓపికగా వివరించారు. అదే వారంలో ఒక మలిక్ సాహెబ్‌ను 'ముల్క్ సాహెబ్' చేసి, దేశంగారు భోజనానికి వచ్చారని అనువదించాను. ఆ మూడు అక్షరాలనే 'మలక్' అని చదివితే దేవదూత అవుతుంది, కాబట్టి నాది మరీ పెద్ద పొరపాటేమీ కాదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

'ఇస్', 'ఉస్' కూడా అలిఫ్, సీన్ అనే రెండు అక్షరాలతోనే వ్రాస్తారు, అంటే ఇతడూ అతడూ కాగితం మీద ఒక్కరే. ఇద్దరు అన్నదమ్ములు ఆస్తికోసం తగవులాడుకునే కథను నేను సగం వరకు ఒకే వ్యక్తి ఆత్మసంఘర్షణగా చదివాను.

చుక్కల ప్రమాదం వేరు. ఐన్ అనే అక్షరం మీద ఒక చుక్క పడితే ఘైన్ అవుతుంది, దానితో దీవెన అనే అర్థమున్న 'దుఆ' కాస్తా 'దగా' అవుతుంది. ఒక పాత పుస్తకంలో అచ్చు సిరా చిందిన చోట, తల్లి కొడుకుకు వ్రాసిన ఉత్తరాన్ని 'నా దగా ఎప్పుడూ నీ వెంటే ఉంటుంది' అని చదివి, ఆమె నిజాయితీకి ఆశ్చర్యపోయాను.

నిఘంటువు చూడడం మరొక వ్యాయామం. తెలుగు చెవికి ఒకే 'జ' అనిపించే ధ్వనికి అక్కడ జీమ్ కాక జాల్, జే, జ్వాద్, జోయ్ అని మరో నాలుగు అక్షరాలు ఉన్నాయి. మనం రోజూ పలికే 'జిల్లా' ఉర్దూ నుంచి వచ్చిన మాటే కదా, దాని వ్రాత ఎలా ఉంటుందో చూద్దామని జీమ్ దగ్గర మొదలుపెట్టి, చివరికి జ్వాద్ దగ్గర పట్టుకున్నాను. మనం ఒత్తు పెట్టి పలికే లకారం అక్కడ ఒంటరిదే, చివరన మాత్రం పలికీ పలకని ఒక ఐన్ కూర్చుని ఉంది. 'బిల్కుల్' అయితే ఇంకా ఘోరం: దానిని బే, అలిఫ్, లామ్, కాఫ్, లామ్ అని వ్రాస్తారు గనుక, చిన్నప్పటినుంచి తెలిసిన మాటను నేను 'బాల్కల్' అని చదివి, అర్థం కోసం వెతికాను.

పుస్తకాన్ని కుడివైపునుంచి తెరవడం రెండు రోజుల్లో అలవాటవుతుంది. వాక్యం కుడినుంచి ఎడమకు నడుస్తుండగా మధ్యలో 1947 వంటి సంవత్సరం వస్తే, అది ఎడమనుంచి కుడికి ఉంటుంది గనుక కన్ను ఒక్క గెంతు వెనక్కి వేయాలి. అదీ పెద్ద కష్టం కాదు.

అన్నిటికంటే కష్టపెట్టేవి ఇంగ్లీషు మాటలే. అలిఫ్, లామ్, టే, రే అంటూ ఐదు నిమిషాలు కూడబలుక్కుని, ఇదేదో గంభీరమైన పారశీక పదమని అనుకుంటుండగా అది 'అల్ట్రాసౌండ్' అని తేలుతుంది. ఆ తరువాత నేను ప్రతి మాటలోనూ ఇంగ్లీషును అనుమానించసాగాను. ఒక కథలో వియోగం భరించలేని కథానాయిక, కన్నీళ్లతో ప్రియుడి చెయ్యి వదిలించుకుని, 'బస్' అని ఒక్క మాట అంటుంది. చాలు, ఇక వద్దు అని దాని అర్థం. వాహనాన్ని కూడా అవే రెండు అక్షరాలతో వ్రాస్తారు. 'బస్సు వచ్చింది కాబోలు, వెళ్లిపోతోంది' అన్నాను. ఉస్తాద్‌గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, 'ఎన్నో నంబరు?' అని అడిగారు.